చెయ్యి దూరేంత కన్నం

మా తమ్ముడు రాబహ్ అమరవీరుల స్మారకాన్ని బత్తాయిల పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

సుద్దతో చేసిన నమూనా అది. అల్జీర్సు నుంచి మా ఐన్ సఫ్సాఫ్ దాకా బస్సులో దాన్ని ఒళ్ళోంచి దించకుండా, పక్కవాళ్ళ మోచేతులు తగలకుండా కాచుకుంటూ వచ్చాడట. ఎండకి మొహం వాడిపోయింది గానీ కళ్ళు మాత్రం పెళ్ళికొడుకు కళ్ళలా ఉన్నాయి. చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చి, గుండ్రబల్ల మీద రొట్టెలూ మజ్జిగ ముంతా పక్కకి జరిపి, దాన్ని మధ్యలో నిలబెట్టాడు. నేల మీంచి లేచిన రెండు చేతులు, మణికట్ల దగ్గర తెగిన సంకెళ్ళు, కింద పేర్లు చెక్కడానికి చదునైన గోడ. పురపాలక సంఘం వాడి నమూనానే ఎంచుకుంది. నవంబరు ఒకటికి మా స్వాతంత్ర్య యుద్ధం మొదలై పాతికేళ్ళు నిండుతాయి. ఆ రోజుకల్లా ఊరి నడిమి చౌకులో ఈ చేతులు లేవాలి. అది డెబ్బై తొమ్మిది వేసవి.

అమ్మ శనగలు ఏరుతూ చాలాసేపు చూసింది.

"వేళ్ళు మరీ లావుగా ఉన్నాయి కదరా. పిండి పిసికి పిసికి వాచిన చేతుల్లా ఉన్నాయి," అంది.

"అవి జనం చేతులమ్మా. లావుగానే ఉంటాయి."

"సర్లే, జనం చేతులే. మరి పాత రాయి ఏదీ?"

రాబహ్ నా వైపు చూశాడు. నేను మజ్జిగ వంపుకోవడంలో మునిగిపోయాను. ఇలాంటి ప్రశ్న వస్తుందని వాడు ఫోన్ చేసిన రోజే నేను చెప్పాను, వాడే వినలేదు.

"లోపలుంటుంది," అన్నాడు చివరికి. "పగలగొట్టాలంటే మందుగుండు పెట్టాలి, చుట్టుపక్కల ఇళ్ళు అదిరిపోతాయి. అందుకని దాని చుట్టూ కాంక్రీటు పోసేస్తాం. చేతులు దాని మీదే నిలబడతాయి. కమిటీవాళ్ళకి నచ్చింది అదే. వాళ్ళ రాయి మన కడుపులో ఉంటుంది, ఎప్పటికీ కనిపించదు."

"ఎవరి కడుపులో?" అంది అమ్మ. ఆవిడ మళ్ళీ శనగలు ఏరడం మొదలుపెట్టింది.

పాత రాయి ఫ్రెంచివాళ్ళు పెట్టింది. పైన ఒక కంచు సిపాయి ఉండేవాడు. అరవై రెండులో, మాకు స్వాతంత్ర్యం వచ్చాక, ఊరు వదిలి పోతూ వాణ్ణి మాత్రం లారీకెక్కించి తీసుకుపోయారు, దిమ్మెను వదిలేశారు. దాని మీద వాళ్ళ యుద్ధాల్లో చచ్చిపోయినవాళ్ళ పేర్లున్నాయి. ఎక్కువగా ద్రాక్షతోటల దొరల కొడుకులవి. అన్నిటికంటే అడుగున, కుక్కలు కాలెత్తే ఎత్తులో, మనవాళ్ళవి కొన్ని. అందులో ఒకటి మా నాన్నది. బెల్కాసిం. నలభై మూడులో కోతల మధ్యలో వచ్చి తమ సైన్యంలోకి పట్టుకుపోయారు. మరుసటేడు ఇటలీలో ఏదో కొండ మీద పోయాడు. శవం రాలేదు, బట్టలు రాలేదు. నేను అప్పటికి నడక నేర్చిన పిల్లని, రాబహ్ కడుపులో ఉన్నాడు. నాన్నకి సమాధంటూ ఉంటే ఆ రాయి అడుగు వరసే. మిగతా ఆడవాళ్ళు గురువారాలు శ్మశానానికి వెళ్ళి, సమాధుల తలదాపున గుంటల్లో పిట్టల కోసం నీళ్ళు పోసి వచ్చేవాళ్ళు. అమ్మ నల్ల ముసుగు వేసుకుని చౌకుకి వెళ్ళేది. ఆవిడకి చదువు రాదు. నేను బళ్ళో చేరిన కొత్తలో ఆవిడ వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదా తిప్పాను, ఆ తరువాత నా అవసరం లేకపోయింది. హమ్మాంలో, ఊరి స్నానాల ఇంట్లో, ఆడవాళ్ళు ఆవిడకి 'ఫ్రెంచోళ్ళ పెళ్ళాం' అని పేరు పెట్టారు. మొహం మీదే అనేవాళ్ళు. ఆవిడ వీపు రుద్దుకుంటూ వినేది.

*

హాజీ లఖ్దర్ దగ్గరికి వెళదామని అమ్మే అంది. యుద్ధంలో పోరాడినవాళ్ళ సంఘానికి ఆయన అధ్యక్షుడు. కొత్త గోడ మీద ఎవరి పేరు ఎక్కాలో తేల్చేది ఆ సంఘమే. ఒక ఊపిరితిత్తి కొండల్లోనే పోగొట్టుకున్నాడు, మాట మధ్యలో ఆగి గాలి తీసుకుంటాడు. ఆయన ముందు నోరెత్తడానికి మా హెడ్మాస్టరు కూడా జంకుతాడు. పిల్లలు పుట్టలేదని మొగుడు పంపించేసిన ఆడదాన్ని, పంతులమ్మని, నాకు మాత్రం జంకడానికి ఏం మిగిలింది? అమ్మ వెంట వెళ్ళాను.

ఆయన లేచి నిలబడి అమ్మకి తన కుర్చీ ఇచ్చాడు. కాఫీ తెప్పించాడు. అమ్మ ముసుగు మొహం మీంచి తీయకుండానే చెప్పింది.

"ఒక్క పేరు. అడుగునే పెట్టండి. అలవాటే."

"యమ్నక్కా, నువ్వు అడిగితే నాకు కాదనడం కష్టంగా ఉంటుంది," అన్నాడు హాజీ. "బెల్కాసిం నాకు తెలియకపోవడమేంటి? చిన్నప్పుడు నేను ఆయన అంజూర చెట్టెక్కితే కర్ర పట్టుకొచ్చి, కొట్టకుండా కిందనించి కొమ్మ వంచి పట్టుకున్నాడు. కానీ ఆయన ఫ్రాన్సు కోసం చచ్చాడు."

"కోసం ఏంటి హాజీ? వచ్చారు, పట్టుకుపోయారు, చచ్చాడు. 'కోసం' అన్నది వాళ్ళు రాసుకున్న మాట."

"నాకు తెలీదా? నాకు తెలుసు. కానీ రేపు బడిపిల్లలు వచ్చి గోడ ముందు నిలబడి, ఈయన ఏ జెండా కింద పోయాడు తాతా అంటే ఏం చెప్పను?"

"ఉన్నదే చెప్పండి," అన్నాను నేను.

హాజీ నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆయన మొహంలో. అది ఉంటే నాకు సులువుగా ఉండేది.

"ఉన్నది చెప్పడానికి రాయి మీద చోటుండదు టీచరమ్మా. పేరు మటుకే పడుతుంది." గాలి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "నలభై అయిదు మే నెలలో, స్వాతంత్ర్యం అడిగినందుకు, ఫ్రెంచివాళ్ళు మా నాన్నని ఆ రాయికి ఆనించి నిలబెట్టి కాల్చారు. మా అమ్మతో కలిసి నేనే నెత్తురు కడిగాను, చిన్నవాణ్ణి. రెండేళ్ళు తిరిగేసరికి, ఆ కడిగిన రాయి మీదే మీ నాన్న పేరు చెక్కారు. అప్పుడు వాళ్ళ బ్యాండు మేళం కూడా వచ్చింది. ఇప్పుడు మా నాన్న పేరూ మీ నాన్న పేరూ ఒకే గోడ మీద పెట్టమంటావు. నేనొప్పుకున్నా రాయి ఒప్పుకోదమ్మా."

అమ్మ కాఫీ తాగలేదు. చేతికి ఇచ్చింది తాగకుండా రావడం మా ఇళ్ళల్లో పెద్ద మాట, హాజీకి అది తెలుసు. దారిలో నేను ఆయన్ని తిట్టడం మొదలుపెడితే అమ్మ ఆపింది. "ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఏముందే? ఆ నెత్తురు నేనూ చూశాను," అంది. నా కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఇంటికొచ్చి రాబహ్ మీద చూపించాను.

"నీ చేతులు నువ్వు కట్టుకో. అవి ఎవర్ని తొక్కి లేస్తున్నాయో కూడా చూసుకో," అన్నాను.

ముఖం మాడ్చుకుని పెరట్లోకి పోయి చాలాసేపు సిగరెట్లు కాల్చాడు. వాణ్ణి అనకుండా ఉండాల్సింది అని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. వాడికీ నాన్నే కదా. అయితే వాడు నాన్నని ఎప్పుడూ చూడలేదు. వాడికి నాన్నంటే అమ్మ గురువారాలు వెళ్ళొచ్చే ఒక చోటు.

*

కొన్నాళ్ళకి పొద్దున్నే, పని మొదలవబోయే వారంలో, వాడు కొలత టేపు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"చెయ్యి చాపమ్మా."

"ఎందుకురా? గాజులు చేయిస్తావా?"

"చాపు చెబుతాను."

మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా కొలిచి, గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. "వెనకవైపు కాంక్రీటు ఇంతే మందం ఉంటుంది. దీనికి వేలెడు కూడా మించనివ్వను," అన్నాడు. "నాన్న పేరుకి ఎదురుగా, పాత రాయికీ బయటి చెక్కలకీ మధ్య ఒక పెట్టె బిగిస్తాను, రెండు వైపులా తెరిచుండే పెట్టె, బయటి కొసకి ఎదురుగా చెక్క కొట్టించను. చుట్టూ కాంక్రీటు గట్టిపడుతుంది, దాంట్లోకి మాత్రం పోదు. తరువాత చెక్కలు ఊడదీస్తే అక్కడ చెయ్యి దూరేంత కన్నం ఉంటుంది. వెనక పోప్లార్ చెట్లున్న వైపుకి ఎవరూ రారు. వచ్చినా వాననీళ్ళు పోయే దారి అనుకుంటారు."

అమ్మ వాడి వైపే చూస్తోంది.

"నమూనాలో లేదుగా ఇది?"

"లేదు. కమిటీకి తెలియదు. తెలిస్తే నా పని అయిపోయినట్టే. ఎవరికీ చెప్పకు."

"సాదీకి కూడానా? వాడు మీ నాన్నకి సొంత పినతండ్రి కొడుకు కదరా."

"సాదీ బాబాయికి చెబితే రేడియోలో చెప్పినట్టే."

అమ్మ నవ్వింది. మరునాడు వాడు ఆ పెట్టె చేసి ఇంటికి తెచ్చాడు, పొడుగ్గా, సన్నగా, రొట్టెల దుకాణం వాళ్ళ డబ్బాలా. అమ్మ దాన్ని బల్ల మీద అడ్డంగా పెట్టించి, చొక్కా చేయి పైకి మడిచి లోపలికి చెయ్యి దూర్చింది. అటు కొసన వేళ్ళు బయటికొచ్చాయి. అక్కడ నేను కూర్చుని ఉన్నాను. ఆవిడ వేళ్ళు గాలిలో తడుముతూ వచ్చి నా ముక్కు పట్టుకున్నాయి.

"ఇది బెల్కాసిం ముక్కు కాదే, వాడిది ఇంత చట్టిది కాదు," అంది.

ముగ్గురం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆ వేసవి మొత్తంలో మా ఇంట్లో అంత నవ్వు మళ్ళీ వినపడలేదు. నిజానికి ఆ తరువాత కూడా ఎప్పుడైనా వినపడిందా అంటే నాకు గుర్తు రావడం లేదు. ఆ పూట తమ్ముడంటే నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. వాడికి తెచ్చిన అంజూరాల్లో పండినవన్నీ ఏరి వాడి పళ్ళెంలోనే వేశాను.

*

కాంక్రీటు పోసే రోజుని ఊరు తువీజా చేసింది. ఎవరికైనా ఇల్లు లేవాలన్నా, బావి తవ్వాలన్నా, పిలవకపోయినా అందరూ వచ్చి చెయ్యి వేసే పని అది. మగవాళ్ళు తట్టలు మోస్తారు, ఆడవాళ్ళు వండుతారు, పాటలుంటాయి, జగడాలూ ఉంటాయి. ప్రతి ఇంటి నుంచీ ఒక వంటకం రావాలి. రాలేదంటే ఆ ఇంట్లో చావైనా జరిగి ఉండాలి, ఊరితో వైరమైనా ఉండాలి.

అమ్మ తెల్లవారకముందే లేచి కుస్కుస్ రవ్వ ఆవిరికి పెట్టింది. పెద్ద కుండ, మా ఇంటికి ముగ్గురం ఉన్నా ముప్ఫై మందికి సరిపోయేది.

"నువ్వు ఈ ఒక్కసారికి ఊరుకో అమ్మా. ఒంట్లో బాగోలేదని నేను చెబుతాను," అన్నాను.

"మొగుణ్ణి పూడుస్తుంటే పూడ్చినవాళ్ళకి అన్నం పెట్టకుండా ఎవరైనా ఊరుకుంటారా?" అంది, రవ్వ మీద నీళ్ళు చిలకరిస్తూ. "అప్పుడు పెట్టే భాగ్యం లేకపోయింది. ఇప్పుడు పెడతాను. ఉప్పు అందుకో."

చౌకంతా తిరునాళ్ళలా ఉంది. మిఠాయి కొట్టువాడు కూడా తట్ట పట్టాడు. బడికి సెలవిచ్చేశారు, మా ఆడపిల్లలు నీళ్ళ చెంబులు మోస్తున్నారు. పాత రాయి చుట్టూ చెక్కలు కోటగోడలా నిలబెట్టి ఉన్నాయి, దాని పైన ఒక్క అంచు మాత్రం కనిపిస్తోంది. మొదటి తట్ట హాజీ లఖ్దర్ పోశాడు. ఆడవాళ్ళం గొంతెత్తి, నాలుకలాడిస్తూ సంబరపు కేకలు పెట్టాం. మా అమ్మ గొంతు కూడా అందులో ఉంది, నేను పక్కనే ఉండి విన్నాను. దానిలో ఏడుపు లేదు. కన్నం ఉంటుందన్న ధైర్యంతో ఉందావిడ.

మధ్యాహ్నానికి జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చాడు, వెంట ఫోటోలు తీసేవాడు. రాబహ్‌ని ముందువైపుకి పిలిచారు. వాడి భుజం మీద చెయ్యి వేసి ఫోటో, హాజీతో ఫోటో, తట్టతో ఫోటో. వాడు మధ్యమధ్య వెనక్కి చూస్తూనే ఉన్నాడు. వెళదామంటే అధికారి వదలడు, అల్జీర్సులో మనకి తెలిసినవాళ్ళున్నారంటాడు, పక్క ఊళ్ళోనూ ఇలాంటిది ఒకటి కావాలంటాడు. వెనకవైపు పని వెనకవైపు సాగిపోతోంది.

భోజనాలకి కూర్చున్నప్పుడు సాదీ బాబాయి సిమెంటు కొట్టుకుపోయిన చేతులతో మా కుండ దగ్గరికే వచ్చాడు. ఆయన పుట్టుకే అంత, పిల్లి వాసన పట్టినట్టు మా ఇంటి కుండని ఎక్కడున్నా కనిపెడతాడు. పళ్ళెం చాపి అందరికీ వినపడేలా అన్నాడు.

"వదినా, ఇవాళ నాకు ఎముకున్న ముక్క వెయ్యాలి. నీ కొడుకు పరువు కాపాడాను!"

"ఏం చేశావేంటి మరిదీ?"

"ఏం చేశానా? నీ కొడుక్కి ఆకాశంలోకి చేతులు లేపడం వచ్చుగానీ కింద చెక్క కొట్టించడం రాలేదు. వెనకవైపు ఇంత బొక్క వదిలేశారు. చెయ్యి పెడితే మోచెయ్యి దాకా పోయింది! ఎవడో పనిలేని వెధవ పెట్టె ఒకటి అడ్డం మరిచిపోయాడు. అది అలాగే ఉంటే రేపు అధికారుల ముందు నవ్వులపాలయ్యేవాళ్ళం కాదూ? నేనూ, గొర్రెల షరీఫూ కలిసి గట్టి రాళ్ళు ఏరుకొచ్చి దట్టించి, సిమెంటు కూరి, మీద చెక్క పెట్టి మేకులు దిగ్గొట్టేశాం. ఎవడికీ చెప్పకుండా. పిల్లాడి పరువు కదా! ఇంక ఎంత పెద్ద వాన పడ్డా చుక్క లోపలికి దిగదు."

అమ్మ గరిటె కుండలోనే ఉంది. చుట్టూ ఆడవాళ్ళు నవ్వుతున్నారు, ఎవరో సాదీ బాబాయిని మెచ్చుకుంటున్నారు. అమ్మ కుండ అడుగు దాకా దేవి, మూలుగున్న ఎముక ఒకటి తీసి ఆయన పళ్ళెంలో పెట్టింది. దాని మీద శనగలు వేసింది.

"మంచి పని చేశావు సాదీ. తిను," అంది.

తరువాత వరసలో ఉన్నవాడి పళ్ళెం అందుకుంది. నాకు సాదీ బాబాయి మీద అరవాలనిపించింది. ఏమని అరుస్తాను? ఆయన ప్రేమతోనే చేశాడు. ఆ కన్నం ఎందుకో ఆయనకి చెప్పి ఉంటే దాని ముందు తానే నిలబడి కాపలా కాసేవాడు, ఊరంతా ఎదురొచ్చినా. చెప్పకపోవడం కూడా మాదే.

రాబహ్ చెవిలో నేనే చెప్పాను. వాడు గబగబా వెనక్కి వెళ్ళాడు. మేకులు దిగ్గొట్టిన చెక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అధికారి మళ్ళీ పిలిస్తే వచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి సందె పడింది. ముగ్గురం గుండ్రబల్ల చుట్టూ కూర్చున్నాం.

"ఇంకా పచ్చిగానే ఉంటుంది," అన్నాడు రాబహ్. "ఇప్పుడు వెళ్ళి చెక్క పీకి ఉలితో తోడితే వచ్చేస్తుంది. రేపైతే రాదు."

"లే మరి," అన్నాను.

లేచాడు. గోడకున్న సంచీలోంచి ఉలీ సుత్తీ తీసుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"చౌకులో ఇంకా జనం ఉన్నారు. పాటలు పాడుతున్నారు. ఏం చేస్తున్నావంటే ఏం చెప్పాలి?"

"నాన్నని తీస్తున్నానని చెప్పు."

వాడు తలుపు గడియ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ వాడి చేతిలోని సుత్తి మెల్లగా తీసుకుంది.

"ఊరు మొత్తం మోసిన తట్టలవి. అమరవీరుల గోడకి నువ్వు ఉలి పెట్టావంటే ఊరుకుంటారా? ఇప్పటిదాకా నన్ను ఒక్కదాన్నే అంటున్నారు. రేపట్నించి నిన్నూ అంటారు. కూర్చో. పొద్దుట్నించీ ఏమీ తినలేదు నువ్వు."

వాడు కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు వాడి భుజాలు దిగడం నేను చూశాను. బరువు దించుకున్నవాడి భుజాలవి. అమ్మ కూడా చూసే ఉంటుంది. రొట్టె తుంచి వాడి ముందు పెట్టింది, వాడు తిన్నాడు. వాణ్ణి నేను అప్పుడు అసహ్యించుకున్నాను. అయినా లేచి వెళ్ళి ఆ ఉలి నేను పట్టుకోలేదు.

*

నవంబరు ఒకటిన చేతుల మీద కప్పిన జెండా గుడ్డ లాగారు. బాగున్నాయి. అది ఒప్పుకోవాలి. పొద్దుటి ఎండలో వేళ్ళు ఎర్రగా, ప్రాణమున్నట్టే ఉన్నాయి. హాజీ లఖ్దర్ మాట్లాడుతూ మాట్లాడుతూ ఊపిరందక ఆగిపోతే, ఆ నిశ్శబ్దంలో చాలామంది ఏడ్చారు. శిల్పి తల్లి అని అమ్మకి ముందువరసలో కుర్చీ వేశారు. మా ఊళ్ళో ఆవిడకి కుర్చీ వెయ్యడం అదే మొదలు.

ఆ తరువాత ఆడవాళ్ళని గోడ దగ్గరికి వదిలారు. చదువు రానివాళ్ళకి నా బడిపిల్లలు వేళ్ళు పట్టుకుని చూపిస్తున్నారు. ఇదిగో మీ కొడుకు అవ్వా, ఇదిగో మీ అన్న. ఒక్కొక్కరూ తమ పేరు దొరగ్గానే గోడని ముద్దుపెట్టుకుంటున్నారు. మేకులు కొట్టిన సాదీ బాబాయి తన బావమరిది పేరు దగ్గర నిలబడి పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నా దగ్గర చదివే ఒక పిల్ల, మా గురించి ఏమీ తెలియనిది, అమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మీది ఎక్కడుందో చూపించనా నానమ్మా? పేరు చెప్పండి."

"ఇక్కడ నావాళ్ళెవరూ లేరమ్మా," అంది అమ్మ. "నువ్వు అటు వెళ్ళు, ఆ ముసలామెకి కనపడ్డం లేదు పాపం."

వెనకవైపుకి ఆవిడ ఆ రోజు వెళ్ళలేదు. నేను వెళ్ళి చూశాను. చెక్కలు ఊడదీసేశారు. ఎక్కడ దట్టించారో కూడా తెలియనంత నున్నగా ఉంది. బాబాయి పనితనానికి వంక పెట్టడానికి లేదు.

రాబహ్ ఊరుకోలేకపోయాడు. పురపాలక సంఘం పెరట్లో పాత రాయిలాంటిదే బూడిదరంగు రాయి పలక ఒకటి సంపాదించి, నెలాఖరు దాకా దాని మీద నాన్న పేరు చెక్కుతూ కూర్చున్నాడు. అక్షరాలు ఎలా ఉండేవో నన్ను అడిగి గీయించుకున్నాడు. కొసలు ఎక్కడ అరిగాయో, పగులు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో, నాకు గుర్తున్నదంతా చెప్పాను. పలక పూర్తయ్యాక దుప్పటిలో చుట్టి భుజాన మోసుకొచ్చాడు. అప్పుడు అమ్మ పెరట్లో ఆలివ్ కాయలు రాతితో చితగ్గొట్టి ఉప్పునీళ్ళ పీపాలో వేస్తోంది. వాడు పలకని ఆవిడ ముందు నేల మీద పెట్టి దుప్పటి తీశాడు. ఆవిడ మొహం విచ్చుకోవాలని నేనెంత కోరుకున్నానో!

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. ముందుకి వంగి, వేలితో మొదటి అక్షరం నుంచి చివరిదాకా తడిమింది. ఆ పగులు దగ్గర కూడా ఆగింది.

"బాగా చెక్కావు. అచ్చు అలాగే ఉంది," అంది.

"పెరట్లో గోడకి పెడదామమ్మా. ఎవరి బాధా ఉండదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు..."

"ఇది నీ రాతరా."

"నాన్న పేరే కదమ్మా?"

"పేరు నాన్నదే. రాసింది నువ్వు." ఆవిడ కోపంగా అనలేదు. పిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పింది. "వాళ్ళొచ్చి నా ఇంట్లోంచి మనిషిని పట్టుకుపోయారు. శవం ఇవ్వలేదు. ఎక్కడ పూడ్చారో చెప్పలేదు. అసలు పూడ్చారో లేదో. వీణ్ణి మేం పట్టుకుపోయాం, తిరిగివ్వలేదు అని వాళ్ళ చేత్తో వాళ్ళు ఒప్పుకున్నది ఆ ఒక్కచోటే. నేను అక్కడికి ఏడవడానికి వెళ్ళేదాన్ననుకున్నారా మీరిద్దరూ? అడగడానికి వెళ్ళేదాన్ని. నా మనిషేడీ అని. వాళ్ళు పోయినా ఆ రాయి ఉంది, దాన్ని అడిగేదాన్ని. ఇప్పుడు దీన్ని పట్టుకుని ఏమని అడగను? నీ చేత్తో నువ్వు చెక్కావు, నిన్ను అడగనా?"

వాడు ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఆవిడతో ఎన్నిసార్లు అక్కడికి వెళ్ళానో, ఆవిడ పెదవులు కదలడం ఎన్నిసార్లు చూశానో. ప్రార్థన అనుకున్నాను.

పీపా నిండింది. కాయలు నీళ్ళ మీదికి తేలుతున్నాయి. వాటిని అణిచిపెట్టడానికి అమ్మ అటూ ఇటూ చూసి, ఆ పలకని రెండు చేతులా ఎత్తింది. చెంబుతో నీళ్ళు పోసి రాతిపొడి కడిగింది. చెక్కిన వైపు కిందికి పెట్టి కాయల మీద మెల్లగా దించింది. సరిగ్గా సరిపోయింది.

వారం తిరక్కుండానే రాబహ్ వెళ్ళిపోయాడు. ఆ జిల్లా అధికారి మాట నిలబెట్టుకున్నాడు, పక్క ఊరివాళ్ళకీ అలాంటి చేతులే కావాలట. అక్కడా ఒక పాత రాయి ఉంది. దాని అడుగున ఎవరెవరి పేర్లున్నాయో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

ఆ చలికాలమంతా మేమిద్దరం ఆ ఆలివ్‌లే తిన్నాం. కాయలు కావాలంటే రాయి ఎత్తాలి. అమ్మ ఎత్తేది, గిన్నెలోకి కావలసినన్ని తీసేది, మళ్ళీ పెట్టేసేది. ఒక్కసారి కూడా దాన్ని తిప్పి చూడలేదు.